ఇంటికి కాగితము, పొలమునకు మాట

మన తుర్కపల్లిలో నేడు రెండు విధములైన అద్దెలు నడచుచున్నవి. ఒకటి గదుల అద్దె, రెండవది పొలముల కౌలు. (శామీర్‌పేట వైపు తుర్కపల్లిని గూర్చి చెప్పుచున్నాము. యాదాద్రి వైపునను ఇదే పేరుగల మండలమున్నది గాన చదువరులు పొరబడకుందురు గాక.) గడచిన పాతికేండ్లలో జీనోమ్ వ్యాలీ యను పేర మన చుట్టునున్న నేలలో మందులు, టీకాలు చేయు కంపెనీలు వెలసినవి. వానిలో పనిచేయ వచ్చిన చిన్నవాండ్రు రాజీవ్ రహదారి పొడుగున గదులు అద్దెకు తీసికొనుచున్నారు. ఎడ్లకొట్టము తీసివేసి ఆ చోట రెండంతస్తులు లేపి నెలనెల అద్దె వసూలు చేసికొను రైతులు మన సంఘ సభ్యులలోనే పలువురు గలరు. ఇది తప్పని మేమనము. వాన మీద ఆధారపడని రాబడి రైతు ఇంట నొకటి యుండుట మంచిదే.

అయితే ఆ గదుల అద్దె యెట్లు కుదురుచున్నదో ఒకమారు చూడుడు. అద్దెకు వచ్చువాడు ఇరువదిరెండేండ్ల పిల్లవాడు. నెలకు అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఖాళీ చేయుటకు ఎన్నాళ్లు ముందు చెప్పవలెను, నాటికి కరెంటు మీటరు ఏ అంకెపై నున్నది, గోడల సున్నము ఖర్చు ఎవరిది అను సంగతులన్నియు స్టాంపు కాగితముపై వ్రాయించి, సాక్షుల సంతకములు పెట్టించి, ఇరువురును చెరియొక ప్రతి తీసికొందురు. గడువు పదునొకండు నెలలని వ్రాయుదురు. ఏలయనగా ఏడాదికి మించిన అద్దె పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము తప్పక రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చును తప్పించుకొనుటకే ఈ పదునొకండు నెలల లెక్క. ఒకవేళ కాగితమే లేకపోయినను, నెలవారీ అద్దెకున్న వానికి పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. కావున గదిలో నున్నవానికి ఏదో ఒక కప్పు గలదు.

ఇక అదే ఇంటి యజమాని అదే వారమున తన రెండెకరముల మడిని కౌలుకిచ్చుట చూడుడు. వేపచెట్టు క్రింద ఇద్దరు నిలువబడుదురు. ఎకరమునకు ఇంతయని ఒకడనును. మఱియొకడు తల యూపును. నోట్లు చేతులు మారును. రసీదు లేదు, గడువు లేదు, సాక్షి లేడు. మూడువేల రూపాయల గదికి నాలుగు పుటల కాగితము వ్రాయించిన మనిషి, ఒక కుటుంబము ఏడాదిపాటు తినవలసిన తిండికి ఒక చీటీముక్క యైనను వ్రాయడు. అడుగవలసినవాడును అడుగడు.

ఇది తలక్రిందులైన వ్యవహారమని మా అభిప్రాయము. గది విడుచువాడు పరుపు చుట్టి నెత్తిన పెట్టుకొని పోగలడు. పొలము విడుచువాడు తాను తోలిన ఎరువును, దున్నిన దుక్కిని, వేసిన నాటును మూటగట్టుకొని పోలేడు. ఇంటి అద్దెదారు తన సొమ్మును జేబులో నుంచుకొని అన్యుని గోడల నడుమ నివసించును. కౌలుదారు తన సొమ్మునంతయు అన్యుని మట్టిలో పూడ్చి, నాలుగు నెలలు ఆకాశము వంక చూచును. కాగితము అవసరము ఎవరికెక్కువ?

కాగితమనగానే పట్టాదారు ఎందులకు ఉలికిపడునో కౌలుదారు ముందుగా తెలిసికొనవలెను. తెలియక అడిగిన యెడల అది దురాశగా తోచును. తెలిసి అడిగిన యెడల సమాధానము చెప్పవచ్చును. ఈ భయమునకు ఎనుబదేండ్ల చరిత్ర యున్నది. నిజాము పాలనలో 1354 ఫసలీ, అనగా 1945లో, ఆసామీ శిక్మీల రెగ్యులేషను వచ్చినది. దొర పేర పట్టాయున్నను నాగలి పట్టినవానికి కొంత హక్కుండవలెనని సర్కారు ఒప్పుకొన్న తొలి అడుగులలో అదియొకటి. శిక్మీ అను మాట మన పెద్దల నోట నేటికిని వినవచ్చును. పిమ్మట తెలంగాణ సాయుధ పోరాటపు వేడిలోనే 1950 జూనులో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలునకు వచ్చినది. నాటికి నిర్ణీత కాలము సాగులో నున్నవారిని ఆ చట్టము రక్షిత కౌలుదార్లుగా గుర్తించినది. 38-ఇ నిబంధన క్రింద 1973 జనవరి 1 నుండి తెలంగాణములో చాల తావుల ఆ రక్షిత కౌలుదార్లకు భూమిపై యాజమాన్యహక్కే సంక్రమించినట్లు ప్రకటించిరి. భాగ్యనగరము చుట్టు నేలలు బంగారమైన పిదప ఆ 38-ఇ పత్రములను పట్టుకొని మనుమలు, మునిమనుమలు న్యాయస్థానములకెక్కిరి. ఆ వ్యాజ్యములు నేటికిని నడచుచున్నవి.

కావున పట్టాదారు భయము గాలిలోనుండి పుట్టినది కాదు. తాత వ్రాసియిచ్చిన చీటీ వలన మనుమడు భూమి పోగొట్టుకొనెనను కథ అతడు విన్నాడు. అయినను ఇందొక సంగతి గమనింపవలెను. రక్షిత కౌలుదారు హక్కు ఆ 1950 ప్రాంతపు సాగును బట్టి వచ్చినది. నేడు ఒక పంటకు వ్రాసికొన్న ఒప్పందము వలన ఎవడును రక్షిత కౌలుదారు కాజాలడు. ఈ మాటను పట్టాదారుకు నెమ్మదిగా చెప్పవలెను. ఒప్పందములోనే “ఈ కాగితము వలన భూమిపై నాకెట్టి హక్కును రాదు” అని కౌలుదారు తన చేతితో వ్రాసియిచ్చిన యెడల ఆ కాగితము పట్టాదారుకును రక్షణయే యగును. మాటపై పదేండ్లు సాగులో నున్నవాడు పిమ్మట ఏమని వాదించునో ఎవరు చెప్పగలరు? ఏటేట గడువు వ్రాసి, ఏటేట ముగించిన కాగితమున్న చోట వాదమునకు తావు తక్కువ. ఇంత చిన్న తర్కము మన పట్టాదార్లకు పట్టకపోవుట మాకెప్పుడును వింతగానే యుండును.

చట్టము చేసిన చిక్కు కూడ ఒకటి గలదు. 1950 చట్టము, దాని సవరణలు, కౌలుకిచ్చుటనే గట్టిగా కట్టడిచేసినవి. కౌలుదారును కాపాడబోయి కౌలును చాటునకు నెట్టినవి. 2016లో నీతి ఆయోగు నియమించిన సంఘమొకటి దేశమందలి కౌలు చట్టములను పరిశీలించి, కౌలును దాచవలసిన పని లేకుండ చేయుటకై ఒక నమూనా చట్టమును ప్రతిపాదించినది. అంతకు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టము వచ్చినది. దాని పేరులో కౌలుదారు అను మాట లేకపోవుట బుద్ధిపూర్వకమే. పట్టాదారు హక్కునకు ఇసుమంతయు భంగము కలుగకుండ, సాగుచేయువానికి రుణ అర్హత కార్డు అను ఒక ఏడాది గుర్తింపు నిచ్చుట దాని ఉద్దేశము. గ్రామసభలో విచారించి తహసీలుదారు ఇయ్యవలసిన కార్డు అది. మంచి చట్టమే. 2014లో రాష్ట్రము విడివడిన పిమ్మట మన వైపున ఆ కార్డుల జారీ సన్నగిల్లినది. అయినను కౌలుదార్లు పదుగురు కూడి తహసీలుదారు కార్యాలయమున దానిని గూర్చి వ్రాతమూలముగా అడుగుట మానరాదు. అడుగువాడు లేని చట్టము బీరువాలో నిద్రించును.

కాగితము లేకపోవుట వలన కౌలుదారు పోగొట్టుకొనుచున్న దేమి? 2018 మే నెలలో రైతు బంధు ప్రారంభమైనపుడు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు, పిదప 5,000 రూపాయలు ఇచ్చిరి. అది పట్టాదారు ఖాతాకు పోయినది. 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసా ఏటికి ఎకరమునకు 12,000 రూపాయలు. అదియు పట్టాదారు పాసుపుస్తకమును చూచియే ఇచ్చిరి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా పథకములో రైతు మరణించిన యెడల ఇంటివారికి 5 లక్షల రూపాయలు వచ్చును. అచటను రైతనగా పట్టాదారే. అప్పులపాలై ప్రాణము తీసికొన్న కౌలుదారు ఇంటికి ఆ 5 లక్షలు రావు. సెంటు భూమిని దున్నక పట్టణములో కాలము గడపిన పట్టాదారు ఇంటికి వచ్చును. దీనిని న్యాయమని చెప్పుటకు మాకు నోరు రాదు.

పూర్వము పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరుగా నుండెడివి. సాగుచేయువాని పేరు ఎక్కుటకు ఒక చోటైనను ఉండెను. 2020 నాటి భూమి హక్కుల చట్టముతోను, ఆ ఏటి అక్టోబరులో వచ్చిన ధరణితోను ఆ గడి తొలగిపోయినది. 2025 ఏప్రిలులో ధరణి స్థానమున భూ భారతి వచ్చినది. గడులు మారుచుండును. తన చేతనున్న కాగితము మాత్రము ఏ సర్కారు మారినను మారదు. 2022లో రైతు స్వరాజ్య వేదికవారు తెలంగాణమందలి పలు గ్రామములలో చేసిన పరిశీలనలో, తాము చూచిన రైతులలో మూడింట ఒక వంతునకు మించి కౌలుదార్లేయని తేల్చిరి. ఇందరు మనుష్యులు లెక్కకే రాకుండుట సామాన్యమైన లోపము కాదు.

2023 మార్చిలో వడగండ్లు పడి పంటలు పోయినపుడు ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించి, కౌలుదార్లకును అందవలెనని నాటి ముఖ్యమంత్రి చెప్పిరి. మాట మంచిదే. కాని అధికారి చేనికి వచ్చి “కౌలుదారు ఎవరు?” అని యడిగినపుడు చూపుటకు చేత నేమున్నది? వడ్ల కొనుగోలు కేంద్రమునను ఇదే తంటా. ధాన్యము కౌలుదారుది, పంట నమోదు పట్టాదారు పేర, సొమ్ము పట్టాదారు ఖాతాలో. తన చెమట సొమ్మునకై కౌలుదారు పలుమారు పట్టాదారు గుమ్మము నెక్కవలసివచ్చును. 2024 వానాకాలము నుండి సన్నవడ్లకు క్వింటాలునకు 500 రూపాయల బోనసు ఇచ్చుట మొదలైనది గదా, అది ఎవరిదో కూడ ముందుగా తేల్చుకొనకున్న అదియొక కలహము.

ఇంతవరకు చెప్పినది తెలంగాణమందంతటను ఉన్న బాధ. మన తావున కింకొక బాధ యున్నది. మన నేలలకు పంటకంటె ప్లాటులలో విలువ యెక్కువ. శామీర్‌పేట మీదుగా బాహ్య వలయ రహదారి వచ్చినది. ఒకనాడు ద్రాక్షతోటలున్న ఎఱ్ఱనేలలలో నేడు సరిహద్దురాళ్లు మొలచుచున్నవి. పట్టాదార్లలో పెక్కురు పట్టణవాసులు. వారు భూమిని కొన్నది అమ్ముటకు. నడుమ కాలములో పడావు పడకుండుటకును, ముండ్లకంపలు పెరుగకుండుటకును, ఎవరును ఆక్రమింపకుండుటకును కౌలుకిత్తురు. అట్టి పట్టాదారుకు కౌలుదారు కూలి లేని కావలివాడు.

మా ఎరుకలో ఒక కౌలుదారు ఇట్టి నేలలోనే టమాట వేసెను. బోరుకు కొత్త పైపులు తానే తెచ్చెను. కాయ పక్వమునకు వచ్చు పక్షము దినములలో భూమి చేతులు మారినది. కొన్నవారి యంత్రము ఉదయమున వచ్చి, మధ్యాహ్నమునకు చేను చదునుచేసి పోయినది. కొన్నవారు “మాకు కౌలు సంగతి ఎవరును చెప్పలేదు” అనిరి. అమ్మినవారు ఫోను ఎత్తలేదు. పంచాయతి పెద్దలు “కాగితమున్నదా?” అని యడిగిరి. అక్కడికి ఆ న్యాయము ముగిసినది. ఇందు చట్టము లోపమెంత, మనుష్యుల లోపమెంత అని మేము తూచ బూనము. గడువు, అమ్మకము, పంట నష్టము అను మూడు పంక్తులు వ్రాసికొనియున్న యెడల, యంత్రము తెచ్చినవాడు కనీసము ఒకసారి ఆగి ఆలోచించియుండును.

కౌలునకు ముందు అడుగవలసినవానిలో నీరు, మట్టి మన రైతులకు మేము చెప్పనక్కరలేదు. బోరు ఎన్ని అంగుళములు పోయుచున్నది, వేసవిలో నిలుచునా, మోటారు కాలిన ఎవరు చుట్టించవలెను అని వారు మాకంటె బాగుగా అడుగుదురు. (2018 జనవరి నుండి సేద్యపు కరెంటు రోజంతయు ఉచితమైనది గాన ఆ లెక్క తప్పినది. మోటారు లెక్క తప్పలేదు.) వారడుగనిది భూమి ఎవరిదను ప్రశ్న. ముందు నిలిచి బేరమాడువాడు పట్టాదారేనా, లేక పట్టాదారు తమ్ముడా, బావమరిదియా, దళారియా? పాసుపుస్తకము చూడవలెను. సర్వే నంబరును భూ భారతిలో సరిచూడవలెను. చదువుకొన్న పిల్లలు ఇంట నున్నారు గదా. అన్నదమ్ముల పంపకము కాలేదనినచో అందరి సమ్మతి కావలెను. కోర్టు తగవున్నదేమో ఇరుగుపొరుగును అడుగవలెను.

మఱియు భూమి ఏ తరగతిదో తెలిసికొనవలెను. ఇది చాల ముఖ్యము. సర్కారు బీదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్ముటయే గాక కౌలుకిచ్చుటయు 1977 నాటి చట్టము క్రింద నిషిద్ధము. అట్టి భూమిలో ఎంత చక్కని కాగితము వ్రాసికొన్నను ఆ కాగితమే తప్పునకు సాక్ష్యమగును. చెరువు శిఖము భూమి సర్కారుది. నీరు తగ్గినపుడు ఎవడో తనదని చూపి కౌలు సొమ్ము తీసికొనుట మనము విననిది కాదు. దేవాలయ భూమి యైన యెడల దేవాదాయ శాఖవారి వేలములో రావలెను గాని పూజారి మాటపై రాదు. ఈ మూడింటను తెలియక దిగినవాడు పెట్టుబడితో దిగి వట్టిచేతులతో బయటపడును.

ఇక సొమ్ము. వానాకాలమునకు ముందే కౌలంతయు రొక్కముగా చెల్లింపవలెనను ఆచారము మన వైపున బలపడుచున్నది. మా దృష్టిలో కౌలుదారు మెడకు పడు మొదటి ఉరి ఇదే. ఎకరమునకు 15,000 రూపాయలు కౌలనుకొందము. చేత లేక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డికి తెచ్చెను. నెలకు 300 రూపాయలు. జూనులో తెచ్చినది పంట అమ్మి సొమ్ము చేతికి వచ్చు డిసెంబరు వరకు ఆరు నెలలు. వడ్డి 1,800 రూపాయలు. నాలుగెకరములు చేసిన 7,200 రూపాయలు. ఒక్క విత్తనము నేలపడక మునుపే ఈ బరువు. పూర్వపు పాలు పద్ధతిలో చెడ్డ లేకపోలేదు. అయినను పంట పోయిన ఏట భూమిగలవాడును దున్నినవాడును కలసి పోగొట్టుకొనెడివారు. ముందస్తు రొక్కములో నష్టమంతయు దున్నినవానిదే. కౌలులో సగము ముందును సగము పంట పిదపను చెల్లించు కట్టు చేసికొనుటయు, వడగండ్లకో తెగులునకో పంట సగమునకు మించి పోయిన యెడల రెండవ సగములో తగ్గింపు వ్రాసికొనుటయు న్యాయమని మేము గట్టిగా తలంచుచున్నాము. ఎకరమునకు 12,000 రూపాయల భరోసా అందుకొను పట్టాదారు ఇంతమాత్రపు నష్టమును పంచుకొనలేడా?

సొమ్మును చేతికి చేయిగా ఇయ్యక ఫోను ద్వారా గాని, బ్యాంకు ద్వారా గాని పంపుట మేలు. సందేశములో “ఫలానా సర్వే నంబరు కౌలు” అని రెండు మాటలు వ్రాసి పంపిన చాలు. తేదీతో, మొత్తముతో, పేర్లతో దానంతట అదియే సాక్ష్యమై నిలుచును. కాగితమునకు ససేమిరా అను పట్టాదారు కూడ సొమ్ము ఖాతాకు వచ్చునన్న కాదనడు. కాగితము దొరకని చోట ఇదియే కౌలుదారు కాగితము.

కాగితము దొరికిన చోట రెండు ప్రతులు వ్రాయవలెను. మిషను పాఠశాలలో మేము చదువుకొనిన యిర్మీయా గ్రంథమందు ఒక వృత్తాంతమున్నది. శత్రువులు పట్టణమును ముట్టడించియుండగా ఆ ప్రవక్త ఒక పొలమును కొని, వెండి తూచి యిచ్చి, సాక్షులచేత సంతకము చేయించి, ముద్రవేసిన పత్రము నొకదానిని, విప్పియున్న పత్రము నొకదానిని మట్టికుండలో పెట్టించును. ఊరు కూలిపోవు వేళ పొలము కాగితమును గూర్చి యంత శ్రద్ధ యేలయని చిన్ననాడు నవ్వుకొంటిమి. ఊళ్లు కూలవచ్చును, సర్కార్లు మారవచ్చును గాన కాగితము కుండలో నుండవలెనని ఆయన ఎరుంగును.

ఆ కాగితములో అలంకారము లేమియు నక్కరలేదు. సర్వే నంబరు, ఎకరములు గుంటలు, నాలుగు హద్దులు వ్రాయవలెను. గడువు పదునొకండు నెలలని గాని, వేసిన పంట కోసి ఇల్లు చేరువరకు అని గాని వ్రాయవలెను. తేదీ మాత్రమే వ్రాసిన యెడల వాన ఆలస్యమైన ఏట పంట పొలములో నుండగనే గడువు తీరును. భూమి అమ్మినను నిలిచియున్న పంట కౌలుదారు కోసికొనవచ్చుననియు, అట్లు కాని పక్షమున పెట్టుబడియు పంట విలువయు చెల్లింపవలెననియు, ఈ సంగతిని కొనువానికి పట్టాదారే తెలుపవలెననియు వ్రాయవలెను. పంట నష్ట పరిహారము, వడ్ల సొమ్ము, బోనసు సాగుచేసినవానివని వ్రాయవలెను. రైతు భరోసా ఎవరిదని వ్రాసినను వ్రాయకున్నను అది పట్టాదారుకే పోవును గాన, దాని బదులు కౌలులో తగ్గింపు నడుగుట తెలివి. కౌలుదారు బోరునకు తెచ్చిన పైపులు, వేసిన పందిరి, నాటిన గుంజలు పోవునపుడు తీసికొనిపోవచ్చునని వ్రాయవలెను. భూమిపై హక్కు కోరనను మాట చివర నుండవలెను. ఇరువురి సంతకములు, ఊరిలోనుండు ఇద్దరు సాక్షులు. చదువురానివారు వేలిముద్ర వేయుటకు ముందు చదివించి వినవలెను. ఇంతే.

ఒప్పందముపై పట్టాదారు సంతకమునే గుర్తింపునకు ఆధారముగా సర్కారు పెట్టుకొనరాదని కూడ మేము చెప్పదలచితిమి. ఆంధ్రప్రదేశములో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము తెచ్చి, పదునొకండు నెలల ఒప్పందముపై సాగుదారు హక్కు పత్రము నిచ్చుచున్నారు. మంచి ప్రయత్నమే. కాని దానికి పట్టాదారు సంతకము కావలెను. భయపడు పట్టాదారు సంతకము చేయడు. సంతకము లేనిదే పత్రము రాదు. పశ్చిమ వంగములో 1978లో ఆపరేషను బర్గా నడపినపుడు అధికార్లే సాయంకాలములందు పల్లెలలో కూర్చుండి, పాలికాపులను గుంపుగా పిలిచి, ఊరందరి యెదుట విచారించి పేర్లు వ్రాసికొనిరి. ఎవడు దున్నుచున్నాడో ఊరికి తెలియని రహస్యము కాదు. మన గ్రామములలోను పంట నమోదునకు వచ్చు వ్యవసాయ విస్తరణాధికారి చేనిగట్టుపై నిలిచి చూచిన యెడల నాగలి ఎవరిదో తెలియును. అట్లు చూచినదానిని వ్రాయు గడి యొకటి ఆయన చేతికియ్యవలెను.

మన సంఘము చేయవలసినదియు కలదు. కిసాన్ క్రెడిట్ కార్డు నియమములలో కౌలుదార్లు, నోటిమాట కౌలుదార్లు, పాలికాపులు కూడ అర్హులని రిజర్వు బ్యాంకు స్పష్టముగా చెప్పినది. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు సేద్యపు అప్పునకు తాకట్టు అడుగరాదని కూడ ఉత్తరువైనది. అయినను కౌంటరు వద్ద “పాసుపుస్తకమేది?” అన్న ప్రశ్నకు ముందే మన కౌలుదారు వెనుదిరిగి, ఎరువుల దుకాణములో ఖాతా తెరచును. దుకాణదారుడు అప్పిచ్చును. పంటను ఆయనకే అమ్మవలెను. ధర ఆయన చెప్పినదే. సహకారోద్యమము పుట్టినది ఈ ముడి విప్పుటకే గదా. నాబార్డువారి పద్ధతిలో నలుగురు మొదలు పదిమంది వరకు కౌలుదార్లు ఒక ఉమ్మడి బాధ్యతా బృందముగా ఏర్పడి, ఒకరికొకరు పూచీగా అప్పు తీసికొనవచ్చును. కేరళములో కుటుంబశ్రీ స్త్రీలు ఇట్టి బృందములుగానే పడావు భూములను కౌలుకు తీసికొని వరి, కూరగాయలు పండించుచున్నారు. మన స్త్రీ సంఘములకు పొదుపులో వారికి తీసిపోని అనుభవమున్నది. భూమి కౌలులోనికి మాత్రము ఇంకను దిగలేదు.

ఇట్టి బృందములకు అప్పిచ్చుటలో మన పాలకవర్గములు తడబడుటకు కారణము లేకపోలేదు. ఒకడు ఎగవేసిన మిగిలినవారు కట్టుదురా యని వారి సందేహము. బంధువులనే ఒక చోట చేర్చిన బృందము, పేర్లు నింపుటకై చేర్చిన బృందము నిలువవు. ప్రక్కప్రక్క చేలవారు, ఒకే బోరు నీటిని వంతులు వేసికొని వాడుకొనువారు చేరిన బృందము నిలుచును. ఒకరి పంటను ఒకరు ప్రతిదినము చూచుచుందురు గాన దాపరికమునకు చోటుండదు. మొదటి ఏట చిన్న మొత్తము లిచ్చి, తీర్చినవారికి రెండవ ఏట పెంచిన సరిపోవును.

మన వైపున కౌలు మాటలు ఉగాదికి మొదలై రోహిణి కార్తె నాటికి కుదురును. కావున ఈ విషయమును ఉగాదికి ముందు జరుగు సభలోనే పెట్టవలెను. కౌలు ఒప్పందపు నమూనాను సంఘ కార్యాలయమున అందరికిని దొరకునట్లు ఉంచుట యొకటి, కౌలుదార్ల బృందములు రెండింటికైనను వచ్చు వానాకాలమునకు అప్పు ఇచ్చి చూచుట రెండు. ఈ రెండు తీర్మానములను ఏ సభ్యుడు ప్రతిపాదించినను బలపరచువారిలో మేమును ఉందుము. పొలము కౌలుకిచ్చు సభ్యులలో నొకరు లేచి ప్రతిపాదించిన యెడల మఱింత సంతోషింతుము.